కచ్చరం నుండి పికప్పు దాకా: మా దారిలో నడిచిన బండ్లు

మా వర్ధన్నపేట వరంగల్లు–ఖమ్మం రహదారి మీద ఉంది. వరంగల్లులో బయలుదేరితే మామునూరు, పంతిని, ఇల్లంద దాటి ముప్పై కిలోమీటర్ల లోపే మా ఊరు వస్తుంది. అక్కడి నుండి రాయపర్తి, తొర్రూరు, మరిపెడల మీదుగా దారి ఖమ్మం చేరుతుంది. ఇప్పుడు దీనికి 563వ నంబరు జాతీయ రహదారి అని పేరు. ఈ దారిన ఏ రాజులు నడిచారు, ఏ సైన్యాలు కదిలాయి అన్న విచారణ ఇతరులు చేయగలరు. పొద్దున్నే కూరగాయల గంపతోనో మిర్చి బస్తాతోనో వరంగల్లు పోయి మాపటికి ఇల్లు చేరే మనిషి ఏ బండి ఎక్కాడు, ఆ బండిలో ఎక్కడ కూర్చున్నాడు అన్నది మాత్రమే ఈ టపాకు విషయం.

ఇది రాయడానికి తక్షణ కారణం మా మేనల్లుడు. అతనికి రెండెకరాల కూరగాయల తోట ఉంది. కాపు ఉన్నన్నాళ్ళు తెల్లవారక ముందే వరంగల్లు లక్ష్మీపురం మార్కెట్టుకు సరుకు చేర్చాలి. అతని భార్యకు అదే పట్నంలో ఉద్యోగం. ఆమెను దింపాలి, సాయంత్రం తీసుకురావాలి. రెండు పనులకూ ఒకటే బండి కావాలి, అదీ పాతది కావాలి, ఎందుకంటే కొత్తదానికి డబ్బు చాలదు. మూడు పాత పికప్పులను చూసి పెట్టుకొని నా దగ్గరికి వచ్చాడు. "ఇంజను సూడనీకి మెకానిక్కు ఉన్నడు మామా, కాయిదాలు నువ్వు సూడు" అన్నాడు. కళాశాలలో చరిత్ర చెప్పి విశ్రాంతి తీసుకుంటున్న నాకు పాత కాగితాలు చదవడం అలవాటే. అయితే ఆ కాగితాలను చదువుతూ ఉంటే, బండి ఎంపిక అన్న ప్రశ్నకు ఈ దారి మీద నూరేళ్ళకు మించిన పూర్వగాథ ఉన్నదని తోచింది. ముందు అది చెప్పి, తరువాత ఆ మూడు బండ్ల దగ్గరికి వస్తాను.

రైలు పక్కనుండి పోయిన ఊరు

నిజాం రాజ్యపు రైలుమార్గం 1889 నాటికి బెజవాడ చేరింది. అది కాజీపేట, వరంగల్లు దాటాక మానుకోట, డోర్నకల్లు వైపు సాగిపోయింది. అంటే మాకు తూర్పుగా, మమ్మల్ని తాకకుండా పోయింది. రైలు పోయిన ఊళ్ళలో గోదాములు, మిల్లులు, మార్కెట్లు వెలిశాయి. రైలు లేని ఊళ్ళకు మిగిలింది దారి, ఆ దారిమీద ఎడ్లబండి.

ఎడ్లబండి అని ఒకే మాటగా అంటున్నాము గాని, తెలంగాణలో బండ్లు రెండు తరగతులు. ధాన్యం, పెంట, కట్టెలు మోసేది గూడు లేని బండి. పైన గూడు కట్టి, లోపల పరుపో జంపఖానో పరిచి, మనుషులు మాత్రమే ఎక్కేది కచ్చరం. దొరల ఇళ్ళలో, పటేండ్ల ఇళ్ళలో కచ్చరం ఉండేది. తక్కినవారందరూ ఐనవోలు మల్లన్న జాతరకు పోయినా, మేడారం పోయినా, పెండ్లికి పోయినా పెంట తోలిన బండినే కడిగి, వరిగడ్డి పరిచి, దానిమీదనే కూర్చొనిపోయారు.

ఇది చిన్న విషయంలాగా కనిపిస్తుంది. కాని ఇక్కడే అసలు సంగతి ఉంది. మనుషులకొక బండి, సరుకుకొక బండి అన్న విభజన మొదటి నుండీ ఉన్నవారి విభజన. లేనివారికి ఎప్పుడూ ఒకటే బండి. సరుకు దిగిన చోట మనిషి కూర్చుంటాడు. తరువాత వచ్చిన యంత్రాలన్నీ ఈ ఒక్క అలవాటు చుట్టూనే తిరిగాయి.

సీటు ఇచ్చిన బస్సు

ఆ అలవాటును మొదటిసారి కదిలించింది బస్సు. నిజాం రాష్ట్ర రైల్వేవారు 1932 జూన్‌లో రోడ్డు రవాణా శాఖను 27 బస్సులతో, 166 మంది సిబ్బందితో మొదలుపెట్టారు. ప్రభుత్వమే బస్సులు నడపడం ఈ దేశంలో అప్పటికి కొత్త సంగతి. ఆ శాఖ వారసత్వమే 1958 జనవరి 11న ఏర్పడిన ఆంధ్రప్రదేశ్ రోడ్డు రవాణా సంస్థకు, రాష్ట్ర విభజన తరువాత తెలంగాణ సంస్థకు సంక్రమించింది.

బస్సు గొప్పతనం వేగంలో లేదు. కూలికిపోయే మనిషికి కూడా ఒక టికెట్టు, ఆ టికెట్టుకు ఒక సీటు ఇవ్వడంలో ఉంది. ఆ సీటుకు ఒక బాధ్యుడు ఉన్నాడు. ప్రమాదం జరిగితే జవాబు చెప్పే సంస్థ ఉంది. పైగా పాత బస్సులకు వెనుక నిచ్చెన, పైన సామాను జాగా ఉండేవి. గంపలు, బస్తాలు, ఒక్కొక్కసారి మేకపిల్లలు పైన; మనుషులు కింద. సరుకూ మనిషీ ఒకే బండిలో, కాని వేరువేరు చోట్ల పోయిన కాలం అది. బస్సుల తీరు మారాక ఆ నిచ్చెన, ఆ పైజాగా క్రమంగా కనుమరుగయ్యాయి. మనిషికి బస్సు మిగిలింది, గంపకు మిగల్లేదు.

2023 డిసెంబరు 9 నుండి తెలంగాణలో మహిళలకు ఆర్డినరీ, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్టు లేని ప్రయాణం అమలులోకి వచ్చింది. మా దారిలో దాని ప్రభావం కళ్ళకు కనబడుతూనే ఉంది. అయినా తెల్లవారుజామున నాలుగు గంటలకు ఇరవై ట్రేల టమాటాలతో బస్సెక్కడం ఎవరివల్లా కాదు. పొద్దున్నే మిరప ఏరడానికి పొరుగూరి చేనుకు పోయే పాతికమంది ఆడకూలీలకు ఆ చేనుగట్టు దాకా పోయే బస్సు లేదు. సమయమూ, సరుకూ, దారి చివరి రెండు కిలోమీటర్లూ: బస్సు వదిలేసిన ఈ మూడు ఖాళీలలోకే చిన్న బండ్లు వచ్చాయి.

పేర్లలో మిగిలిన కర్మాగారాలు

మొదట వచ్చినవి జీపులు, ట్రెక్కర్లు, మూడు చక్రాల టెంపోలు. వాటి తరువాత 1980ల నడుమ జపాను సంస్థల భాగస్వామ్యంతో తేలికరకం లారీలు దేశంలోకి వచ్చాయి. ఆ నాలుగింటిలో ఒకటి మన నేలమీదనే తయారయింది. 1942లో హైదరాబాదులో పుట్టిన ఆల్విన్ సంస్థ మనలో చాలామందికి బస్సు బాడీలతో, చేతిగడియారాలతో, ఫ్రిజ్జులతో గుర్తుంటుంది. అదే ఆల్విన్ నిస్సాన్‌తో కలిసి జహీరాబాదులో చిన్న లారీలు తయారుచేసింది. 1980ల చివరికి ఆ వ్యాపారం మహీంద్రా చేతికి వెళ్ళింది. జహీరాబాదు కర్మాగారం మాత్రం మూతపడలేదు. అక్కడ తరువాతి కాలంలో మహీంద్రా మూడు చక్రాల బండ్లు, ట్రాక్టర్లు తయారయ్యాయి.

ఆ నాలుగింటిలో మరొకటి డీసీఎం టయోటా. ఆ సంస్థ 1990ల నడుమ చేతులు మారి, తరువాత పూర్తిగా అంతరించింది. కాని తెలంగాణలో ఈనాటికీ ఏ మధ్యరకం లారీని చూసినా డీసీఎం అనే అంటారు. అది ఐషర్ కావచ్చు, స్వరాజ్ మజ్దా కావచ్చు, పేరు మాత్రం డీసీఎం. పత్రికల వార్తల్లో కూడా అదే పేరు. తయారీదారు పోయినా పేరు జాతివాచకమై బతికిపోవడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు కనబడలేదు.

ఇన్ని వచ్చినా ఒక లోటు మిగిలింది. డీసీఎం రెండెకరాల రైతుకు పెద్దది. మూడు చక్రాల ట్రాలీ ఆటో పెద్ద రోడ్డు మీద నిలకడ లేనిది. ఈ రెండింటికీ నడుమ ఏమీ లేదు.

2005: చిన్న ఏనుగు

ఆ నడిమి జాగాలోకి 2005 మే నెలలో టాటా ఏస్ వచ్చింది. దాని పుట్టుకకు ఒక ఆర్థిక నేపథ్యం ఉంది. 2000–01లో టాటా మోటార్స్ సుమారు 500 కోట్ల రూపాయల నష్టం చూసింది. పెద్ద లారీల గిరాకీ మీదనే ఆధారపడితే లాభం లేదని తేలాక, మూడు చక్రాల బండి నడిపేవారి దగ్గరికి ఆ సంస్థ ఇంజనీర్లు వెళ్ళారు. గిరీశ్ వాఘ్ ఆ బృందానికి నాయకుడు. అప్పటి సంస్థ అధిపతి రవికాంత్ చెప్పిన కథ ఒకటి పత్రికల్లో ప్రసిద్ధమైంది: ఒక మూడు చక్రాల బండివాడిని "నీకేం కావాలి" అని అడిగితే, నాలుగు చక్రాల బండి ఉంటే ఊళ్ళో మంచి సంబంధం వస్తుందని జవాబు చెప్పాడట. మన ఊళ్ళ సంగతి తెలిసినవారికి ఇది వింతగా తోచదు. పెండ్లిచూపుల్లో ఎన్ని ఎకరాలు అన్న ప్రశ్న పక్కన ఏం బండి అన్న ప్రశ్న కూర్చొని చాలాకాలమైంది.

రెండు సిలిండర్ల 702 సీసీ డీజిల్ ఇంజను, 16 అశ్వశక్తి, 750 కిలోల మోత. 40 కిలోల లెక్కన పద్దెనిమిది మిర్చి బస్తాలన్నమాట. చిన్న రైతు ఒక విడత కాయను ఎనుమాముల మార్కెట్టుకు తోలుకుపోవడానికి సరిపోతుంది. ఉత్తరాదిన దీన్ని ఛోటా హాథీ, అంటే చిన్న ఏనుగు అన్నారు. మా వైపు టాటా ఏసీ అనడమే ఎక్కువ, లోపల ఏసీ లేకపోయినా. 2017 నాటికి, అంటే పన్నెండేళ్ళలో, ఇరవై లక్షల బండ్లు అమ్ముడయ్యాయి. మహీంద్రా బొలేరో పికప్పు, 2011లో వచ్చిన అశోక్ లేలాండ్ దోస్త్ అంతకు మించిన మోత కావలసినవారికి దొరికాయి.

ఏస్ వచ్చిన రెండేళ్ళకు, 2007లో, దాదాపు అదే చట్రం మీద సీట్లు వేసి మేజిక్ అన్న పేరుతో మనుషుల బండిని అదే సంస్థ విడుదల చేసింది. ఇది గమనించదగిన విషయం. తయారీదారుకు సంగతి తెలుసు: ఈ బండిలో మనుషులూ ఎక్కుతారు. అయితే చట్టం ప్రకారం ఒకే బండి రెండూ కాకూడదు కాబట్టి ఒక తల్లి కడుపున ఇద్దరు పిల్లలు పుట్టారు. మళ్ళీ కచ్చరం ఒకటి, గూడు లేని బండి ఒకటి. మా చేలదారుల్లో కూలీలు ఎక్కింది మాత్రం ఎక్కువగా గూడు లేని బండినే.

చట్టం గీసిన గీత

ఈ గీత ఎక్కడుందో బండి కొనేవారు తప్పక తెలుసుకోవాలి. 1988 నాటి మోటారు వాహనాల చట్టం సరుకు బండిని రవాణా వాహనాల కింద లెక్కిస్తుంది. సొంత తోట కూరగాయలు మోసినా సరే, దానికి పసుపు నంబరు పలక, ఫిట్‌నెస్ పత్రం ఉండవలసిందే. మొత్తం బరువు, అంటే బండీ మోతా కలిపి, 3,000 కిలోలు మించకపోతే పర్మిట్టు అవసరం లేదని అదే చట్టం 66వ సెక్షను మినహాయింపు ఇచ్చింది. చిన్న పికప్పుల వ్యాప్తికి ఈ మినహాయింపు కూడా ఒక కారణమని నా అభిప్రాయం. లైసెన్సు విషయంలో చాలాకాలం గందరగోళం నడిచింది. కారు లైసెన్సు ఉన్నవారు 7,500 కిలోల లోపు రవాణా వాహనం నడపవచ్చునని సుప్రీంకోర్టు 2017లో చెప్పి, 2024 నవంబరు 6న ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ద్వారా దానినే ఖాయపరచింది.

ఇంతవరకు చట్టం చిన్నవారి పక్షానే ఉన్నట్టు కనిపిస్తుంది. కష్టమంతా వెనుక కూర్చున్నవారి విషయంలో వస్తుంది. సరుకు బండిలో ఊరికే ఎక్కించుకున్న మనుషులకు తప్పనిసరి బీమా వర్తించదని సుప్రీంకోర్టు 2002 డిసెంబరులో తీర్పు చెప్పింది. 1994 నాటి సవరణ సరుకు యజమానికి గాని, అతని ప్రతినిధికి గాని బీమాలో చోటిచ్చింది. అయితే ఆ యజమాని కూడా ముందరి క్యాబినులో కూర్చొని ఉండాలని, ఆంధ్రప్రదేశ్ నుండి వెళ్ళిన ఒక కేసులో 2007లో అదే న్యాయస్థానం స్పష్టం చేసింది. అంటే తన మిర్చి బస్తా మీద తానే కూర్చొని పోయే రైతుకు కూడా ఆ కాగితం అండగా ఉండదు. పరిహారం ఇవ్వవలసి వస్తే ఆ భారం బండి యజమాని మీద పడుతుంది. పాత పికప్పు అప్పు చేసి కొన్నవాడు ఆ పరిహారం ఎక్కడి నుండి తెస్తాడు? అతడు ఇవ్వలేకపోతే చనిపోయినవారి పిల్లలకు చేతికి వచ్చేది ఉత్త తీర్పు కాగితమే.

ఇవి ఊహాగానాలు కావు. 2018 జూన్ 24న యాదాద్రి జిల్లా వేములకొండ దగ్గర ట్రాక్టరు ట్రాలీ మూసీ కాలువలో పడి 15 మంది చనిపోయారు. వారిలో అత్యధికులు పొలం పనికి పోతున్న ఆడవారు. 2022 మే 8న కామారెడ్డి జిల్లా నిజాంసాగర్ మండలం హసన్‌పల్లి దగ్గర టాటా ఏస్ లారీని ఢీకొని 9 మంది చనిపోయారు. రెండుచోట్లా మనుషులు కూర్చున్నది సరుకు కోసం చేసిన చోట.

ఇక్కడ మన ఎల్లలు దాటి ఒక పోలిక చెప్పాలి. థాయిలాండులో పికప్పు వెనుక రెండు బల్లలు ఎదురెదురుగా బిగించి, పైన కప్పు వేసి, ప్రజారవాణాగా నడుపుతారు. దాని పేరు సోంగ్‌థేవ్. రెండు వరుసలు అని ఆ మాటకు అర్థం. అక్కడ ఆ బండికి ఒక పేరు, ఒక లైసెన్సు, ఒక నిర్ణీతమైన దారి ఉన్నాయి. అది నిరపాయమైనదని నేను అనడం లేదు. కాని మనవైపు ప్రతి ఉదయం నడిచే అదే బండికి చట్టంలో పేరే లేదు. పేరు లేనిదానికి తనిఖీ ఉండదు, జరిమానా మాత్రం ఉంటుంది.

మూడు పాత బండ్లు, మూడు పాత పత్రాలు

ఇక మేనల్లుడు చూసిపెట్టిన బండ్ల సంగతి. మొదటిది ఏపీ 36 పలకతో ఉన్న ఏస్. ఏపీ 36 అంటే ఉమ్మడి రాష్ట్రంలో వరంగల్లు జిల్లా. అంటే 2014 జూన్ 2కు ముందటి నమోదు. తరువాత పుట్టిన బండ్లకు టీఎస్ వచ్చింది, 2024 మార్చి నుండి టీజీ వచ్చింది. రాష్ట్ర చరిత్ర నంబరు పలకల మీద ఇంత పొందికగా చదువుకోవచ్చునని పూర్వం నాకు తట్టలేదు.

ఆర్.సి.లో ఉన్న పేరు ఒకరిది, అమ్మజూపినది మరొకరు. నడుమ బండి ఒప్పంద కాగితం మీద చేతులు మారింది. మొదటి యజమాని తీర్చేసిన అప్పు తాలూకు తాకట్టు నమోదు కూడా ఆర్.సి.లో అలాగే ఉంది. ఇలాంటి బండి కొనేవారు మూడు కాగితాలు అడగాలి. అమ్మేవారు సంతకం చేసిన 29వ నంబరు ఫారం, యాజమాన్యం మార్పు కోరే 30వ నంబరు ఫారం, అప్పు తీరినట్టు తెలిపే 35వ నంబరు ఫారం. రాష్ట్రంలోపల అమ్మకమైతే అమ్మినవారు పద్నాలుగు రోజులలో, కొన్నవారు ముప్పై రోజులలో రవాణా శాఖకు తెలియజేయాలని చట్టం. బండి ఎన్ని చేతులు మారినా రికార్డులో పేరున్నవారే ప్రమాదానికి బాధ్యులని 2018లో సుప్రీంకోర్టు చెప్పింది. కనుక పేరు మార్చుకోవడం కొన్నవారికి ఎంత అవసరమో అమ్మినవారికీ అంతే అవసరం. బీమా కూడా పద్నాలుగు రోజులలో తన పేరుకు మార్పించుకోవాలి.

కిలోమీటర్ల మీటరు 48,000 చూపుతోంది. దీనికి లెక్కల పండితుడు అక్కరలేదు. మా ఊరి నుండి వరంగల్లు పోయి వస్తే రోజుకు యాభై ఐదు కిలోమీటర్లు. ఏడాదికి మూడువందల రోజులనుకుంటే 16,500. పదేళ్ళకు లక్షా అరవై వేలు దాటుతుంది. రోజువారీ బాడుగకు తిరిగిన బండి మీద నలభై ఎనిమిది వేలు ఉన్నదంటే మీటరు మారిందనో, ఆగిందనో అర్థం. చరిత్రలో కూడా ఒక శాసనం మరీ శుభ్రంగా ఉంటే అనుమానించడమే పద్ధతి.

బండి కిందికి వంగి చూసిన మెకానిక్కు వెనుక కమాన్లకు రెండు పట్టీలు అదనంగా వేసి ఉన్నాయని చూపించాడు. 750 కిలోల బండి మీద వెయ్యికి మించి మోసారని ఆ పట్టీలే సాక్ష్యం. చట్రం మీద వెనుక చక్రాల దగ్గర వెల్డింగు అతుకులు కూడా అదే మాట చెప్పాయి. నాకు మాత్రం మరొకటి కనబడింది. వెనుక నేలరేకుకు ఇరుపక్కలా వరుసగా బోల్టు రంధ్రాలు ఉన్నాయి. అవేమిటని అడిగితే అమ్మేవారే దాపరికం లేకుండా చెప్పారు, మిరప సీజనులో కూలీల కోసం బల్లలు బిగించేవారట. సీజను అయ్యాక విప్పేసి సరుకు వేసుకునేవారు. పెంట తోలిన బండిని కడిగి వరిగడ్డి పరచినట్టే. ఈ దారి చరిత్ర నాకు ఏ గెజెటీరులోనూ అంత స్పష్టంగా కనబడలేదు, ఆ తుప్పు పట్టిన రంధ్రాలలో కనబడింది.

రెండోది టీఎస్ పలకతో ఉన్న బొలేరో పికప్పు. కాగితాలు సక్రమం, మోత ఎక్కువ. ఇలాంటి బండి కొనేటప్పుడు ఆర్.సి.లో మొత్తం బరువు చూసుకోవాలి. 3,000 కిలోలు దాటితే పర్మిట్టు కావాలి. మేనల్లుడి మనసు దీనిమీదనే ఉంది. "ముంగట మేమిద్దరం కూసుంటం మామా. అమ్మ, పిల్లగాండ్లు ఎప్పుడన్నొకనాడు వస్తె ఎన్క కూసుంటరు తియ్యి" అన్నాడు.

ఆ ఎప్పుడన్నొకనాడు అన్న మాటలోనే కచ్చరం లేనివారి చరిత్ర అంతా ఉంది. ఎవరూ రోజూ ప్రమాదం కొనితెచ్చుకోవాలనుకోరు. జాతరనాడు, పెండ్లినాడు, ఆసుపత్రి పనినాడు మాత్రమే వెనుక ఎక్కుతారు. హసన్‌పల్లి దగ్గర పోయినవారు కూడా రోజూ ఎక్కినవారు కారు.

మూడోది రెండు వరుసల సీట్లున్న డబుల్ క్యాబిను బొలేరో క్యాంపర్. ధర మిగిలిన రెండింటికన్నా ఎక్కువ. వెనుక జాగా తక్కువ, పది పన్నెండు ట్రేలు తక్కువ పడతాయి. కాని ఐదుగురు తలుపులు వేసుకొని, బెల్టులు పెట్టుకొని కూర్చోవచ్చు. ఆర్.సి.లో రాసిన సీట్ల సంఖ్య, బీమా పత్రంలోని సంఖ్య సరిపోయాయో లేదో నేను రెండుసార్లు చూశాను, సరిపోయాయి. ఫిట్‌నెస్‌కు గడువు ఉంది. ఎనిమిదేళ్ళ లోపు బండికి రెండేళ్ళకొకసారి, ఆపైన ఏటేటా ఫిట్‌నెస్ చేయించాలి కాబట్టి ఆ ఖర్చు కూడా లెక్క వేసుకున్నాము. పది ట్రేల నష్టాన్ని మా కోడలు ఒక్క మాటతో తేల్చింది: "పది ట్రేలు రెండో ట్రిప్పుల పోతయి, మనుషులు రెండో ట్రిప్పుల రారు." మూడో బండి ఖాయమైంది.

ఎంపికకు ఒక కొలబద్ద

పాత పికప్పు కొనబోయేవారు సాధారణంగా మోతతో మొదలుపెడతారు, తరువాత ఇంజను, తరువాత ధర, చివరికి కాగితాలు. ఈ దారి చరిత్ర చదివాక ఈ వరుసను తలకిందులు చేయాలని నాకు అనిపిస్తున్నది. ముందుగా, ఈ బండిలో ఏడాదిలో ఏ ఒక్కరోజైనా ఎంతమంది ఎక్కుతారో లెక్కపెట్టాలి. అంతమందికి క్యాబినులో సీటు ఉన్నదా అని చూడాలి. లేకపోతే ఆ రోజుకు బస్సో, బాడుగ కారో అని ఇంట్లో ముందే తీర్మానించుకోవాలి. ఆ తరువాత పేరు, బీమా, ఫిట్‌నెస్. ఆ తరువాత కమాన్లు, చట్రం, ఇంజను. అన్నిటికన్నా చివర మోత. మోత ఎప్పుడూ సర్దుకుంటుంది.

ఈ కొలబద్ద కొనుక్కోగలిగినవారికి మాత్రమే పనికివస్తుందని నాకు తెలుసు. మా కుటుంబానికి ఐదు సీట్లు దొరికాయి. చీకటి విడవకముందే సద్దిగిన్నెలతో మా ఊరి కూడలిలో నిలబడే ఆడవారికి బండిని ఎంచుకునే హక్కు లేదు. ఏది వస్తే అది ఎక్కుతారు. మా జిల్లా మిరపకు పేరు రావడం వెనుక వారి చేతులున్నాయి. వరంగల్లు చపాటా మిర్చికి 2025లో భౌగోళిక గుర్తింపు దొరికింది. కాయకు గుర్తింపు దొరికింది గాని, దాన్ని ఏరడానికి పోయే మనిషి కూర్చునే చోటుకు ఇంకా దొరకలేదు. సీజను నాలుగు నెలలకైనా చేలదారుల్లో పొద్దున్నే ఒక చిన్న బస్సు నడిపినా, లేదా ఈ బండ్లకు కప్పు, బల్ల, బీమా ఉండాలని నియమం పెట్టి ఒక పర్మిట్టు ఇచ్చినా, తొంభై ఏళ్ళ క్రితం బస్సు మొదలుపెట్టిన పని కొంత ముందుకు సాగుతుంది.

ఇలాంటి బండ్లకు ఒక్కొక్క సీమలో ఒక్కొక్క పేరుంది. మా వైపు ట్రాలీ, డీసీఎం, టాటా ఏసీ. కృష్ణా, గుంటూరు వైపు, సీమ వైపు, ఉత్తరాంధ్ర వైపు వీటిని ఏమని పిలిచేవారో, మిరప కోతలకు, నాట్లకు, చెరకు నరకడానికి కూలీలు వేటిలో పోయేవారో తెలిసిన మిత్రులు వ్యాఖ్యలలో రాస్తే, ఎవరూ రాసిపెట్టని ఈ చరిత్రకు నాలుగు పుటలు చేరుతాయి.